నడిచే మనిషిని అడగరాదు

పోయిన వారం మా మేనత్తను డాక్టరుకు చూపించడానికి కోలారు తీసుకుపోయాను. బస్సు దిగాక కొంచెం దూరం నడవాలి, దారంతా ఎత్తే. కూరగాయల బండి ఒకటి కనిపించగానే అత్త టక్కున ఆగి, "టమాటా ఎట్ల ఇస్తా ఉండావప్పా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. అత్త కొడుకు టమాటా రైతు. వాళ్ళ పెరట్లో అడుగు పెడితే కాలికి తగిలేవి టమాటాలే. ధర పడిపోయిన రోజుల్లో వాటిని ఆవులకు వేస్తారు. అట్లాంటి మనిషి బండి మీది టమాటాను చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, బొటనవేలితో నొక్కి, కింద పెట్టి, ఇంకొకటి తీసుకుంది. కొనలేదు. కొంచెం దూరం పోయాక గాజుల అంగడి ముందు నిలబడి, వేలాడే గాజుల్ని చాలాసేపు చూసింది. గాజులు కూడా కొనలేదు.

అప్పుడు ఆమె మెడ కింది గుంటను గమనించాను. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ గుంట లోతవుతోంది. వేడి కాఫీ ఊదుకొనేటట్టు పెదవులు చుట్టి గాలిని మెల్లగా వదులుతోంది. నా నవ్వు ఆగిపోయింది. ఆ గుంట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆగడానికి ఒక అంగడిని వెతుక్కునే ఆ తెలివి కూడా తెలుసు. అది అత్తకు ఎవరి నుంచి వచ్చిందో ఈ లోకంలో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం.

మేము బంగారు గనుల ఊళ్ళో, ఊరిగాంలో, గనివాళ్ళకు కంపెనీ కట్టించిన ఇళ్ళ లైన్‌లో ఉండేవాళ్ళం. తాత, అవ్వ, అమ్మ, నాన్న, పెండ్లి కాని అత్త, నేను. వెదురు తడికల గోడలు, పైన రేకులు, అదే ఇల్లు. ఒక ఇంట్లో పోపు వేస్తే వరుస మొత్తం తుమ్మేది. పక్కింట్లో తమిళం, వెనకింట్లో కన్నడం, మా ఇంట్లో తెలుగు. తిట్లు మాత్రం మూడు భాషల్లోవీ అందరివీ. షిఫ్టు మారినప్పుడు సైరన్ మోగేది. దాన్ని మేమంతా సంగు అనేవాళ్ళం. ఆ సంగును బట్టే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు, పిల్లల్ని బడికి తోలేవాళ్ళు. ఎండాకాలం గాలికి, బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్లదుమ్ము లేచి ఆరేసిన బట్టల మీద పడేది. మా అవ్వ ఆ దిబ్బల వైపు తిరిగి, అవేవో పక్కింటివాళ్ళ మేకలైనట్టు తిట్టేది.

తాత గనిలో రాతికి తూట్లు వేసే మిషిన్ పట్టిన మనిషి. తెల్లదొరల కాలంలో చిన్నవాడిగా లోపలికి దిగి, గని సర్కారుదయ్యాక, ఇంక దిగే శక్తి లేక బయటికి వచ్చాడు. "దొరలు పోయినా రాయి రాయే కదప్పా" అనేవాడు. ఆ రాయి పొడి ఆయన రొమ్ములో ఉండిపోయింది. తాతకు రాతి దుమ్ము పట్టింది అనేవాళ్ళు మా లైన్‌లో, తాతకు తల నెరిసింది అన్నంత మామూలుగా. నేను పుట్టేసరికే ఆయన అట్లా ఉన్నాడు. తాతలంటే అట్లాగే ఉంటారనుకున్నాను.

పొద్దున స్నానం చేసి వచ్చాక బనీను వేసుకోవడం ఆయనకు పెద్ద పని. ఒక చెయ్యి దూర్చి, గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడేవాడు. కొంచెం ఆగి రెండో చెయ్యి. మళ్ళీ క్యాలెండర్. తర్వాత తల. నేను క్యాలెండర్‌లో ఏముందోనని పోయి చూసేదాన్ని, లక్ష్మీదేవి తప్ప ఏమీ ఉండేది కాదు. అంతసేపూ అవ్వ పొయ్యి వైపు తిరిగి, మండుతున్న పుల్లల్ని అనవసరంగా ఎగదోస్తూ ఉండేది. ఒకరోజు నేను చనువుగా పోయి బనీను చెయ్యి పట్టి లాగబోతే, అవ్వ నన్ను ఇవతలికి లాక్కొని, "ఆయన పని ఆయన చేసుకుంటాడు. నువ్వు ఇట్ల చూడు" అని నా గడ్డం పట్టి పొయ్యి వైపు తిప్పింది.

ఇంక రాగిముద్ద సంగతి. ముద్దను నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి. మింగేటప్పుడు ఊపిరి పట్టాలి. ఒకప్పుడు తాత కూర్చున్నాడంటే అవ్వ పిండి చాలక మళ్ళీ ఎసరు పెట్టేదట. ఇప్పుడు పెద్ద తునక మింగితే ఊపిరి అందక కళ్ళు ఎర్రబడేవి. అందుకని అవ్వ ముద్దల్ని నిమ్మకాయలంత చేసేసింది. తాతకు ఒక్కడికే కాదు, ఇంట్లో అందరికీ. "ఈ తూరి రాగులు బాగలేవు. పెద్ద ముద్ద కట్టుకోదు" అనేది. ఆ తూరి, ఆ మరుసటి తూరి, ఎప్పుడూ రాగులు బాగుండేవి కావు. షిఫ్టు నుంచి ఆకలిగా వచ్చిన మా నాన్న ఆ నిమ్మకాయల్ని తట్టెడు తిని, రాగులను తిట్టి లేచేవాడు. తాత కూడా తిట్టేవాడు. ఆయన ముఖంలో ఎంత నిశ్చింత కనపడేదో.

సాయంత్రం తాత ఊరిగాం స్టేషన్ దాకా నడిచిపోయి, బంగారుపేట ప్యాసింజర్ వచ్చి పోయేది చూసి వచ్చేవాడు. నేను తోడు. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎత్తు. వచ్చే దారిలో ఆయనకు ఎక్కడలేని స్నేహాలు. సోడా అంగడి దగ్గర ఆగేవాడు. టైలర్ అంగడి దగ్గర ఆగేవాడు. చర్చి గోడకు అంటించిన తమిళం కాగితాలను, ఒక్క అక్షరం రాకపోయినా, పై నుంచి కింది దాకా చదివేవాడు. మా తాతంత కలుపుగోలు మనిషి ఊళ్ళో లేడని నా గర్వం.

ఆ దారిలో అందరూ తాతతో మాట్లాడేవాళ్ళు గానీ ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. టైలర్ మిషిన్ తొక్కడం ఆపి, కొత్తగా వచ్చిన బట్టల గురించి, తన కూతురి పెంకితనం గురించి, వాన గురించి చెప్పుకుంటూ పోయేవాడు. తాత తల ఊపితే చాలు. నేను ఒకసారి నడుస్తూ, "తాతా, రైలు రాత్రిపూట యాడ పడుకుంటాది?" అని అడిగాను. తాత జవాబు చెప్పబోయి దగ్గులో పడిపోయాడు. ఇంటికి పోయాక అవ్వ నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"నడిచే మనిషిని ప్రశ్న అడగరాదు. అడిగితే జవాబు చెప్పాల. జవాబు చెప్పాలంటే ఊపిరి కావాల. నీకు మాట్లాడాలని ఉంటే నువ్వే ఏమన్నా చెప్పుకుంటా పో."

చెప్పులు వేసుకొని గుడిలోకి పోకూడదు లాంటి నియమం అనుకున్నాను. లోకమంతా ఉండేదే అనుకొని పాటించాను.

ఆ ఏడు మామిడికాయల కాలంలో అత్తకు ఒక సంబంధం వచ్చింది. బంగారుపేటలో ఉండే అవ్వ తమ్ముడు తెచ్చాడు. ఆ పక్క పల్లెలో మల్బరీ తోట, పట్టుపురుగులు, ఆవులు ఉన్న రైతు కుటుంబం. పిల్లాడు మంచివాడు. ఇంట్లో అందరికీ ఆశ పుట్టింది, దాంతోపాటు భయం కూడా. ఎందుకంటే అంతకు ముందు వచ్చిన సంబంధం వాళ్ళు తాత దగ్గు విని, ఒకరి ముఖం ఒకరు చూసుకొని, కాఫీ గ్లాసులు ముట్టకుండానే లేచిపోయారు. పల్లెల్లో అప్పటికి ఏ దగ్గయినా క్షయే. గనివాళ్ళ ఇంటి పిల్లను చేసుకుంటే సారెతో పాటు ఆ జబ్బు కూడా వస్తుందని వాళ్ళ భయం. రాతి దుమ్ము ఒకరి నుంచి ఒకరికి అంటదని వాళ్ళకు ఎవరు చెప్పేది? క్షయ ఉన్నవాళ్ళ చెంబు వేరు, పళ్ళెం వేరు. ఆ రోజు ముట్టని గ్లాసుల్ని అత్తే తీసి కడిగింది. అప్పటి నుంచి ఇంటికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా తాత దగ్గును గొంతులోనే పట్టుకొని కూర్చునేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేవి గానీ దగ్గేవాడు కాదు.

"ఈ తూరి బావను ఆ పొద్దు మా ఇంటికి పంపించక్కా" అన్నాడు అవ్వ తమ్ముడు. "ఊర్లో లేడని చెబుదాం. తాంబూలాలు అయినాక తెలిస్తే తెలవనీ."

తలుపు దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్న అత్త చేట పక్కన పెట్టింది. "నాయనను దాచిపెట్టి చేసే పెండ్లి నాకొద్దు. ఆయన ఎట్లుండాడో అట్లే చూడనీ. ఇష్టముంటే చేసుకుంటారు, లేకుంటే పోతారు."

అంతకు ముందెప్పుడూ అత్త అంత మాట అనడం నేను వినలేదు. తాత మంచం మీద నుంచి చెయ్యి ఎత్తాడు, నేను మాట్లాడాలి అన్నట్టు. అందరం ఆగాం.

"దాచేది వద్దు. చెప్పేది వద్దు. టేషన్‌కు... నేనే పోతా."

సంబంధం వాళ్ళు వస్తే ఇంటి పెద్ద ఎదురు పోయి పిలుచుకొని రావాలి. అది మావాళ్ళ పద్ధతి. ఇంటి పెద్ద రాలేదంటే, మంచాన పడ్డాడనైనా అనుకుంటారు, పొగరుబోతనైనా అనుకుంటారు. నాన్నకు ఆ పూట షిఫ్టు. అవ్వ పద్ధతిని కాదనలేదు. స్టేషన్‌కు ఒక జట్కా మాత్రం మాట్లాడి పంపింది. ఎందుకైనా మంచిదని నన్ను పక్కకు పిలిచింది.

"తాత చెయ్యి పట్టుకొని పో. ఒకవేళ నడిచి రావాల్సి వస్తే, ఆగే కాడంతా మారాం చెయ్."

"ఎట్ల మారాం అవ్వా?"

"దినమూ చేసేదే. నీకు నేను నేర్పాల్నా?"

నా జన్మలో అంత మంచి ఉత్తర్వు మళ్ళీ రాలేదు.

ప్యాసింజర్ నుంచి ముగ్గురు దిగారు. పెండ్లికొడుకు, ఆయన తండ్రి, తల్లి. పెండ్లికొడుకు చేతిలో జున్ను గిన్నె, గుడ్డ కట్టి ఉంది. తండ్రి నెత్తి మీద మామిడికాయల బుట్ట. ఆ వాసనకు స్టేషన్‌లో ఉన్న మేకలన్నీ మా వైపు తిరిగాయి. ఆయన నల్లగా, ఎత్తుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. తల్లి సన్నగా ఉంది, మాట తక్కువ. తాత చేతులు జోడించి జట్కా చూపించాడు.

"ఈ అంత దూరానికి గుర్రమా?" అన్నాడు ఆయన. "కూర్చోని వస్తే మా ఊర్లో నవ్వుతారు. నడుద్దాం పదప్పా." మామిడికాయల బుట్టను మాత్రం జట్కాలో దర్జాగా కూర్చోబెట్టి, మమ్మల్నందరినీ నడిపించాడు.

నడక మొదలుపెట్టగానే ప్రశ్నలు కూడా మొదలుపెట్టాడు. పల్లెలో మర్యాద అంటే ప్రశ్నలే కదా. ఎదుటివాడి గురించి ఏమీ అడగకపోతే పట్టించుకోనట్టు.

"గని ఎంత లోతు ఉంటాదప్పా? బావి తవ్వినట్టేనా? లోపల నీళ్ళు ఊరతాయా? గాలి యాడ నుంచి వస్తాది?"

ఇన్నేళ్ళలో నడిచే మా తాతను ఎవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు. తాత "లోతే" అన్నాడు ఒక ప్రశ్నకు. ఇంకో ప్రశ్నకు వేలు భూమి వైపు చూపించి నవ్వాడు. ఇంక లాభం లేదని సోడా అంగడి దగ్గర నేను నేల మీద కూలబడ్డాను. సోడా కావాలి. ఇప్పుడే కావాలి. కాళ్ళు కొట్టుకున్నాను, గౌను దుమ్ము చేసుకున్నాను. సోడా ఆయన గోలీ సోడాలు ఒక్కొక్కటే తీసి, తుడిచి, మళ్ళీ తుడిచి, కొట్టి ఇచ్చాడు. రోజూ చిటికెలో కొట్టే మనిషి. తాత బెంచీ మీద కూర్చున్నాడు. పెండ్లికొడుకు తండ్రి సోడా తాగి, ఇంత త్రేన్పు త్రేన్చి, "గడుసు పిల్ల" అని నన్ను మెచ్చుకున్నాడు.

టైలర్ అంగడి దగ్గర నేను నోరు తెరిచేలోపే టైలర్ మెడలో టేపుతో బయటికి వచ్చాడు. అవ్వ ముందే చెప్పిందో, తనకే తట్టిందో తెలియదు.

"వాంగ సామీ, రండి. కొత్త చుట్టాలు మా అంగడి దాటి ఊరికే పోతే నాకు మర్యాదనా? ఒక చొక్కా కొలత తీసుకుంటాను."

"నాకెందుకప్పా చొక్కా?"

"చెయ్యి ఎత్తండి. మాట్లాడకండి సామీ, మాట్లాడితే ఛాతీ కొలత తప్పొస్తాది."

పాపం ఆయన చేతులు రెండూ చాచి, నోరు మూసుకొని నిలబడ్డాడు. టైలర్ ఛాతీ కొలిచి, మరిచిపోయి, మళ్ళీ కొలిచాడు. ఆయన వెనక స్టూలు మీద మా తాత రొమ్ము పైకి కిందికి ఎగిసిపడుతోంది. పెండ్లికొడుకు తల్లి టైలర్‌ను చూడటం లేదు, తాతను చూస్తోంది. నేను చూస్తే చూపు మరల్చుకుంది. నాకు భయం వేసింది. కనిపెట్టేసిందనుకున్నాను.

చర్చి గోడ దగ్గర నా కాలిలో ముల్లు గుచ్చుకుంది. అంటే, గుచ్చుకుందని ఏడ్చాను. అక్కడే తప్పు చేశాను. పెండ్లికొడుకు తండ్రి రైతు. ముల్లు అంటే ఆయనకు ఆటలు కాదు. నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకొని, వేలితో ఉమ్మి రాసి, ఎండకు తిప్పి తిప్పి వెతికాడు. "కనపడలేదే. లోపలికి పోయినట్టుంది" అని నిజంగా బాధపడ్డాడు. తాత అంతసేపూ తమిళం కాగితాలు చదువుకున్నాడు. తర్వాత ఆ మంచి మనిషి, "ముల్లు కాలితో ఎట్ల నడుస్తావు తల్లీ" అని నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకొని పెద్ద పెద్ద అంగలు వేయడం మొదలుపెట్టాడు.

ముందర ఉండేదంతా ఎత్తు. మా లైన్ దాకా అంగడి లేదు, గోడ లేదు. రోడ్డు పక్కన ఒక పెద్ద రాతిగుండు ఉంది, అంతే. రోజూ అక్కడ తాత చెప్పులో రాయి పడేది. ఈ రోజు నేను ఏం చేయాలి? నేలమీద ఉంటే కదా మారాం చేయడానికి. "దించు, దించు" అని ఏడ్చాను. "ఇంగ ఇంతే తల్లీ, వచ్చేసినాం" అని ఆయన ఇంకా వేగంగా నడిచాడు. వెనక్కి తిరిగి చూశాను. పై నుంచి చూస్తే తాత చాలా చిన్నగా కనిపించాడు. తెల్ల చొక్కాలో భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. అయినా నడుస్తున్నాడు. నడుస్తూ, అత్త కోసం, నవ్వు ముఖం పెట్టుకొని ఉన్నాడు. అది చూసి నాకు నిజం ఏడుపు వచ్చింది. ఆయన ఇన్నాళ్ళూ ఎందుకు ఆగేవాడో నాకు ఆ భుజం మీద కూర్చున్నప్పుడు అర్థమైంది.

"అబ్బ" అని వినిపించింది. పెండ్లికొడుకు తల్లి ఆ గుండు మీద కూర్చుని మోకాలు పట్టుకుంది. "నా మోకాలు. ఇంగ నా చేత కాదు. అన్నా, నువ్వూ ఇట్ల కూర్చో. నేనొకదాన్నే కూర్చుంటే బాగుండదు."

తాత కూర్చున్నాడు.

ఆమె మొగుడు నన్ను దించి, ఆశ్చర్యంగా చూశాడు. "నీకు మోకాలు నొప్పి ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే వచ్చింది."

ఆ తర్వాత ఆమె మాట్లాడింది. స్టేషన్ నుంచి రెండు మాటలు ఆడని మనిషి, ఆవు ఈనిన సంగతి, దూడ పాలు తాగనని మొండికేసిన సంగతి, పట్టుపురుగులు ఆకు తినేటప్పుడు వాన పడుతున్నట్టు వినపడే చప్పుడు, అన్నీ చెప్పింది. మొగుడు మధ్యలో, "గనిలో ఆవులు..." అని ఏదో అడగబోతే, "నువ్వుండు" అంది. ఆమె తాతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తాత ముఖం వైపు కూడా చూడలేదు. దిబ్బల వైపు చూస్తూ చెప్పుకుంటూ పోయింది. తాత తల ఊపుతూ, మెల్లమెల్లగా మనిషయ్యాడు. అది మా లైన్ మర్యాద. పల్లె నుంచి వచ్చిన ఆమెకు అది ఎట్లా తెలిసిందో నాకు అంతు పట్టలేదు.

ఇంటికి చేరాక అవ్వ తాతకు చెంబుతో వేడినీళ్ళు ఇచ్చింది. తాత ఎత్తి పోసుకొని కొంచెం తాగి, చెంబు కింద పెట్టబోయాడు. వచ్చినవాళ్ళకు వేరే గ్లాసుల్లో మజ్జిగ తెచ్చి అత్త నిలబడి ఉంది. పెండ్లికొడుకు తల్లి ఆ గ్లాసుల్ని చూడలేదు. "ఆ చెంబు ఇట్లియ్యన్నా. నాకూ వేడినీళ్ళే కావాల" అని తాత చేతిలోంచి చెంబు తీసుకొని, మిగిలిన నీళ్ళన్నీ ఎత్తి పోసుకొని తాగింది. అందరూ చూశారు. అత్త గ్లాసులు పక్కన పెట్టేసింది.

అప్పుడు తాత దగ్గాడు. పట్టుకోకుండా, ఆపుకోకుండా, కడుపు నిండా దగ్గాడు. దగ్గు అయ్యేదాకా ఆమె మామిడికాయల బుట్టలో గడ్డి సర్దుతూ కూర్చుంది. పెండ్లికొడుకు తండ్రి మాత్రం, "కషాయం తాగప్పా, మా ఇంట్లో మిరియాలు పంపిస్తా" అన్నాడు. ఆయనకు చివరిదాకా ఏమీ అర్థం కాలేదు. ఆ అమాయకత్వం కూడా మాకు ఆ రోజు దేవుడు ఇచ్చినట్టే ఉండింది.

వంటింట్లో నేను మామిడి టెంక చీకుతూ ఉండగా ఆమె అవ్వతో అంది. "మా అన్న కూడా ఈడ గనిలో పని చేసి ఇంటికొచ్చినోడే వదినా. తోటకాడికి పోవాలని ఆశ పడేటోడు. దారి పొడుగునా మా అమ్మ కూర్చునే రాళ్ళు ఏయించింది. ఆ రాళ్ళు ఇంగా ఉండాయి." అవ్వ కొంగుతో ముఖం తుడుచుకొని, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

భోజనాల దగ్గర పెండ్లికొడుకు తండ్రి అన్నం వద్దు, ముద్ద ఉంటే పెట్టమన్నాడు. అవ్వ అలవాటుగా నిమ్మకాయలంత ముద్ద పెట్టింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య పట్టుకొని చూసి, "ఇదేందమ్మా, కోడిగుడ్డా?" అన్నాడు. తాత నవ్వాడు. "ఈ తూరి... రాగులు బాగలేవప్పా." ఇల్లంతా నవ్వింది. పెండ్లి ఖాయమైంది.

పెండ్లయ్యాక మొదటిసారి అత్త ఊరికి పోయినప్పుడు నేను ఒక పరువు తక్కువ పని చేశాను. తోటకు పోయే దారిలో ఎదురైన పెద్దవాళ్ళను, "బాగుండావా తాతా, యాడికి పోతాండావు" అని ఒక్కరినీ అడగలేదు. నడిచే మనిషిని అడగరాదు కదా. ఎవరైనా నన్ను పలకరిస్తే వాన గురించి, రైలు గురించి ఏదో చెప్పి ఊరుకునేదాన్ని. "పాప చక్కంగా ఉండాది, కొంచెం బుద్ధి తక్కువా?" అని ఎవరో అత్తను అడిగారు. అత్తకు ఎంత కోపం వచ్చిందో. ఆమె అత్తగారు మాత్రం పగలబడి నవ్వి, నన్ను దగ్గరికి తీసుకొని, "ఈ పిల్లకు ఉండే బుద్ధి మీ ఊరందరికీ లేదు" అంది. ఇంకో ఏడు అందరం కలిసి అంతరగంగ కొండ మెట్లు ఎక్కాం. మా అందరికంటే ముందు పైకి చేరి, కోతుల్ని అదిలిస్తూ నిలబడింది ఆమే. ఆ మోకాలికి ఏ జబ్బూ లేదు.

తాత ఆ తర్వాత కొన్ని మామిడి కాపులు చూశాడు. నడక స్టేషన్ నుంచి చర్చి దాకా, చర్చి నుంచి గుండు దాకా, తర్వాత వాకిలి దాకా తగ్గింది. పోయేదాకా బనీను తనే వేసుకున్నాడు. గని మూతపడింది. సంగు ఆగింది. మా లైన్‌లోవాళ్ళు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోవడం మొదలుపెట్టారు. మేమూ ఊరు విడిచాం. టైలర్ అంగడి ఇప్పుడు లేదు. దిబ్బలు ఉన్నాయి, తిట్టడానికి మా అవ్వ లేదు. అవన్నీ తలుచుకుంటే నాకు దుఃఖం వస్తుంది గానీ, అంతకంటే ఎక్కువగా ఆ దారి గుర్తొస్తుంది. ఒక మనిషి ఊపిరి తీసుకోవడానికి ఊరు ఊరంతా ఏదో పని ఉన్నట్టు నటించింది. అంత మర్యాద నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అత్త గనిలోకి దిగలేదు. కానీ ఆ పల్లెలో పట్టుగూళ్ళను ఉడికించి దారం తీసే పొయ్యి ముందు, కట్టెల పొగలో, ఏళ్ళకేళ్ళు కూర్చుంది. ఆమె రొమ్ములో రాయి లేదు, పొగ ఉంది.

డాక్టరు చిన్నవాడు, ఓపికమంతుడు. "స్నానం చేసేటప్పుడు, బట్టలు వేసుకునేటప్పుడు ఆయాసం వస్తోందా అమ్మా?" అని అడిగాడు.

"లేదప్పా. బాగుండాను" అంది అత్త.

డాక్టరు నా వైపు చూశాడు. మొన్న అత్త కొడుకు ఫోన్‌లో చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. అమ్మ ఈ మధ్య ముద్దలు మరీ చిన్నవి కడుతోంది, రాగులు బాగలేవంట, అని నవ్వుతూ చెప్పాడు.

"మా అత్త ముద్దలు చిన్నవి కడుతోంది సార్" అన్నాను. డాక్టరుకు అర్థం కాలేదు. అత్తకు అర్థమైంది. తల వంచుకుంది. అప్పుడు నేను అంతా విడమర్చి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, గొట్టంతో పీల్చే మందు ఇచ్చి, ఎట్లా పీల్చాలో చూపించి, పొయ్యి దగ్గరికి పోవద్దని గట్టిగా చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం ఇంకో పక్క ఎత్తు ఎక్కాల్సి వచ్చింది. అక్కడ కూరగాయల బండి లేదు, గాజుల అంగడి లేదు. అత్త కళ్ళు రెండు పక్కలా వెతుకుతున్నాయి. మెడ కింద గుంట లోతవుతోంది. ఎవరిదో ఇంటి ముందు అరుగు కనిపించింది. నేను పోయి దాని మీద కూలబడి మోకాలు పట్టుకున్నాను.

"అబ్బ. నా మోకాలు. ఇంగ నా చేత కాదత్తా. నువ్వూ కూర్చో."

అత్త నా పక్కన కూర్చుంది. చాలాసేపు గాలి వదిలింది. తర్వాత నా మోకాలిని చూసి, నన్ను చూసింది.

"మా అత్తకు... వచ్చిన నొప్పేనా?" అంది.

నవ్వబోయింది. నవ్వుకు ఊపిరి చాలలేదు, సగంలో ఆగింది. నేను ఆమె ముఖం వైపు చూడలేదు. రోడ్డు మీద పోయే టమాటా లారీల వైపు చూస్తూ, మా ఇంటి పక్కన కొత్తగా వచ్చినవాళ్ళ గురించి, వాళ్ళ పిల్లి గురించి, మొన్న పడిన వాన గురించి, ఏమీ అడగకుండా చెప్పుకుంటూ కూర్చున్నాను.